చాప మీద కూర్చున్న లూపర్ పెడల్

2023వ సంవత్సరం. చలి అప్పుడప్పుడే గుమ్మంలోకి తొంగి చూస్తున్న రోజులు. మిర్యాలగూడలో అవి వడ్ల రోజులు కూడా. మిల్లుల ముందు లారీల బారు ఎంత పొడుగంటే, మొదటి లారీ డ్రైవరు చివరి లారీ డ్రైవరుతో వియ్యమందుదామని బయలుదేరితే, అక్కడికి చేరేసరికి ఆ పిల్లకు వేరేచోట పెళ్లయిపోయి ఉంటుంది. ఆ మిల్లుల్లోంచి ఎగిరే ఊక ఊరంతా తిరిగి, అలసిపోయి, చివరికి మా వాయిద్యాల దుకాణంలో నడుం వాలుస్తుంది. మిగతా ఊళ్లలో దుకాణందార్లు పొద్దున్నే గిటార్లను తుడుస్తారు. నేను తూర్పార పడతాను.

దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఈ దుకాణం నడుపుతున్నాను. హార్మోనియం, తబలా, డోలక్, చర్చి కీబోర్డు, గిటారు, వాటికి కావలసిన తీగలు, తోళ్లు అన్నీ దొరుకుతాయి. వాయిద్యాలు అమ్మేవాడికి సంగీతం వచ్చి తీరాలని జనానికి ఒక గట్టి నమ్మకం. చెప్పుల దుకాణం వాడు పరుగుపందెంలో గెలవాలని మాత్రం ఎవరూ అనరు! నాకు వచ్చినవి రెండే రెండు పల్లవులు. కొనడానికొచ్చిన గిరాకీ చరణం అడిగేలోపు టీ తెప్పిస్తాను. ఇన్నేళ్లుగా గుట్టు అలా దాగుతూ వస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం మల్లయ్య వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. మీకు అందులో వింత కనబడకపోవచ్చు. నాకు మాత్రం బండికి ఒకే ఎద్దును కట్టుకుని ఎవరో వచ్చినట్టు అనిపించింది. మల్లయ్య పక్కన యాకోబు లేకుండా నేను ఎన్నడూ చూడలేదు.

వీళ్లిద్దరూ మా దుకాణం తొలి గిరాకీల్లో ముఖ్యులు. అవి క్యాసెట్ల రోజులు. దామరచర్ల దారిలోని ఒక ఊరి నుంచి ఇద్దరు పడుచువాళ్లు ఒకే సైకిల్ మీద వచ్చారు. తొక్కేవాడు యాకోబు, సుతారి పని నేర్చుకుంటున్న మేస్త్రీ. చిన్నప్పుడు హాస్టల్లో ఎవరో గిటారు పట్టుకోవడం నేర్పారు. వెనక కూర్చున్నవాడు మల్లయ్య, గొర్రెల కాపరి. అతనికి ఎవరూ ఏమీ నేర్పలేదు. యాకోబు వాయిస్తుంటే చూసి పిచ్చెక్కింది, అంతే. ఇద్దరి దగ్గరున్న పైసలు కలిపితే ఒక గిటారు వచ్చింది. దానికి కవరు రాలేదు. మల్లయ్య భుజం మీది గొంగడి తీసి గిటారును చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని సైకిలెక్కాడు. బస్టాండు దగ్గర ఎవరో ఆపి, "అయ్యో, గొర్రెపిల్ల ఎట్ల చచ్చిపోయింది బిడ్డా?" అని అడిగారట. ఆ మాట వాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఒక గిటారు, ఇద్దరు మనుషులు. ఎవరూ వదలరు. అందుకని మొదటి ఏడాది దాన్ని ఇద్దరూ కలిసే వాయించారు. ఒకడు గిటారు మెడ దగ్గర తీగలు నొక్కితే రెండోవాడు మీటేవాడు. పాము తల ఒకడు, తోక ఒకడు పట్టుకున్నట్టు ఉండేది ఆ సంబడం. మరుసటి ఏడు రెండో గిటారు కొన్నాక పని పంచుకున్నారు. యాకోబు రిథమ్, మల్లయ్య లీడ్. రిథమ్ అంటే తీగలన్నీ కలిపి మీటుతూ పాటకు నేల చదును చేయడం. లీడ్ అంటే ఆ నేల మీద ఒక్కో తీగతో నడవడం. యాకోబు చెయ్యి గోడకు సిమెంటు మాలు కొట్టే చెయ్యి. తాపీతో ఒకే జోరున, ఒకే మందాన పరుచుకుంటూ పోయే చెయ్యి. తీగల మీద కూడా అదే పని చేసేది. నా ముప్ఫై ఏళ్ల అనుభవంలో అంత సమంగా మీటే చెయ్యిని ఉమ్మడి నల్లగొండ జిల్లాలో చూడలేదు. ఆ మాటకొస్తే భూగోళం మీదే లేదని నా నమ్మకం. నేను భూగోళం అంతా తిరగలేదు గానీ కోదాడ దాకా తిరిగాను.

శనివారం భజన మందిరంలో, ఆదివారం చర్చిలో ఇద్దరూ చాప మీద మోకాలికి మోకాలు ఆనించి కూర్చునేవారు. భజన గురువుకూ పాస్టరయ్యకూ ఒక్క విషయంలోనే పూర్తి ఏకాభిప్రాయం ఉండేది. వీళ్లిద్దరూ రాకపోతే పాట లేవదు.

అలాంటి మల్లయ్య ఒక్కడే వచ్చి నా ముందు నిలబడ్డాడు. నెరిసిన మీసం. భుజాన గొంగడి.

"యాకోబు ఏడి మల్లన్నా?" అన్నాను.

"మంచంల ఉన్నడు సేటూ."

"ఏమైంది?"

"పక్షవాతం. ఎడమ పక్క పడిపోయింది. పెద్ద దవాఖానల పెట్టి తెచ్చినం. కాలు జర ఈడ్సుకుంట నడుస్తుండు. ఎడమ సెయ్యి అయితే లేస్తలేదు. మాట కొంచెం తిరుగుతది అన్నరు డాక్టర్లు. కని బావ నోరు ఇప్పుతలేడు. గోడ దిక్కు తిరిగి పండుకుంటడు. ఆయన కట్టిన గోడనే."

నేను స్టూలు ముందుకు జరిపాను. మల్లయ్య కూర్చోలేదు.

"పాణం దక్కింది గదా అని వచ్చే ఐతారం మా చెల్లె కృతజ్ఞత కూడిక పెట్టింది" అన్నాడు. చెల్లె అంటే యాకోబు భార్య మరియమ్మ. కులాలు వేరైనా ఊరి వరసలో యాకోబు అతనికి బావ, మరియమ్మ చెల్లె. కృతజ్ఞత కూడిక అంటే గండం గడిచిన ఇంట్లో దేవుడికి దండం పెట్టుకుని, పాటలు పాడి, నలుగురికి అన్నం పెట్టడం. "పాటలు నువ్వే కొట్టాలె అన్నా అన్నది. నేనొక్కన్ని ఏం కొడ్త? కింద రిథమ్ లేకపోతే నా లీడు గాలిల ఏలాడుతది. హుజూర్‌నగర్ల రిథమ్ కొట్టేటాయన ఉన్నడు, పిలుస్తం అంటున్నరు."

"పిలవనీ. మంచిదే కదా."

మల్లయ్య నన్ను అదోలా చూశాడు. గొర్రెలమందలోకి తోడేలును పిలవమన్నవాణ్ణి చూసినట్టు.

"యాకోబు మంచంల ఉండంగ, యాకోబు చాప మీద, నా మోకాలి పక్కన ఇంకొకడు కూసుంటే బావ సూస్తడా సేటూ? గోడ దిక్కు తిరిగినోడు ఇగ ఇటు తిరగడు. మనిషి వద్దు. మిషన్ గావాలె. ఫోన్ల సూసిన. ఒక్కడే కొడ్తుండు, ఇద్దరు కొట్టినట్టు ఇనబడుతుంది. కాలుతోని ఏందో తొక్కుతుండు."

"దాన్ని లూపర్ పెడల్ అంటరు" అన్నాను.

ఈ వృత్తి తెలియనివాళ్ల కోసం చెప్తాను. లూపర్ అంటే కాలి కింద పెట్టుకునే చిన్న పెట్టె. గిటారు వైరు ఇటు నుంచి లోపలికి పోతుంది, అటు నుంచి ఆంప్‌లోకి, అంటే స్పీకరు పెట్టెలోకి పోతుంది. ఒకసారి తొక్కి కాసేపు రిథమ్ వాయిస్తే అది గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ తొక్కగానే ఆ ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద మనం లీడ్ వాయించుకోవచ్చు. అయితే ఒక చిక్కుంది. మొదటి తొక్కుడూ రెండో తొక్కుడూ సరిగ్గా తాళం మీద పడాలి. రెప్పపాటు ఆలస్యమైతే తిరిగిన ప్రతిసారీ ఆ కుంటు అలాగే వస్తుంది. మనిషి తప్పు చేస్తే ఒకసారి చేస్తాడు. లూపర్ ఆ తప్పును వ్రతంలా పాటిస్తుంది.

నా దగ్గర అప్పుడు ఒక్కటే లూపర్ ఉంది. హైదరాబాదు ఏజెంటు బతిమాలి అంటగట్టి పోయినది. దాని మీద ఉన్న బటన్లు, లైట్లు చూస్తే విమానం దింపడానికి కూడా పనికొస్తుందనిపించేది. రెండేళ్లుగా అద్దాల బీరువాలో కూర్చుని ఊక తింటోంది. మల్లయ్య ధరలన్నీ జీవాల లెక్కన చూస్తాడు.

"ఎంత సేటూ?"

"రెండు పొట్టేళ్లు."

"ఒక మేకపిల్లల రాదా?"

"వస్తది. ఎక్కడుందో సూడాలె."

సూర్యాపేటలో ఒకాయన పాతది అమ్ముతున్నాడని తెలిసి మరునాడు ఇద్దరం బస్సెక్కాం. ఆ పెడల్ మేకపిల్ల ధరకే వచ్చేది. కానీ తొక్కితే ఒకసారి పలికి, రెండోసారి అలిగేది. కొత్త అల్లుడిని కొనుక్కున్నట్టే. పాత పెడల్ కొనేటప్పుడు పైన రంగు చూడొద్దు, ఫుట్‌స్విచ్‌ను, అంటే తొక్కే బొడిపెను, పదే పదే నొక్కి చూడాలి. అరిగిపోయేది మొదట అదే. నేను నొక్కుతూనే ఉంటే ఆయనకు విసుగొచ్చి, "అన్నా, కొంటవా, మసాజ్ చేస్తవా?" అన్నాడు. దండం పెట్టి అటునుంచి అటే కోదాడ పోయాం.

కోదాడలో శేషు ఉన్నాడు. నాకు పాత స్నేహితుడు. సౌండు పెట్టెలు కిరాయికి ఇస్తాడు, కీబోర్డులు అమ్ముతాడు. ఆ ఊరి మాటకు సగం కృష్ణా నీళ్లు తగిలి ఉంటాయి. మర్యాద ఎక్కువ. ఆ మర్యాదతోనే మనకు అక్కర్లేనిది కూడా కొనిపించేస్తాడు.

"రండి రండి అన్నగారూ! లూపరా? మంచి రోజునే వచ్చారు. ఇదిగో చూడండి, ఇందులో తొంభై తొమ్మిది పాటలు దాచుకోవచ్చండి. డ్రమ్ములు కూడా దీంట్లోనే ఉన్నాయి."

మల్లయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "నాకు వచ్చినయే పది పాటలు. తొంభై తొమ్మిది జాగలల్ల ఏది ఏడ పెట్టిన్నో ఎతుక్కుంట తిరగాలె. దానికి ఇంకొక మనిషిని పెట్టుకోవాలె."

"పోనీ ఇది చూడండి. రెండు బటన్లే."

"ఒక్కటి లేదా?"

శేషు నిట్టూర్చి, అరలోంచి సబ్బుపెట్టెంత పెడల్ తీశాడు. ఒక ఫుట్‌స్విచ్, ఒక లైటు, సౌండు తగ్గించి పెంచే ఒక గుండీ. అంతే. ధర మేకపిల్ల కంటే ఒక పిసరు తక్కువే. నేను వాడే పద్ధతి చెప్పాను. ఒకసారి తొక్కితే రికార్డు, మళ్లీ తొక్కితే అది తిరగడం మొదలు. తిరుగుతుండగా ఇంకోసారి తొక్కితే ఉన్నదాని మీద ఇంకో పొర ఎక్కుతుంది. దాన్ని ఓవర్‌డబ్ అంటారు. గబగబా రెండుసార్లు తొక్కితే ఆగిపోతుంది. తొక్కి పట్టుకుంటే చెరిగిపోతుంది. చెప్పేసరికి నాకే ఆయాసం వచ్చింది. మల్లయ్య మాత్రం తల ఊపాడు.

"అర్థమైంది. ఒక్క ఈలేస్తే నడువు, రెండేస్తే ఆగు. మా జీవాలకున్నట్టే."

పెడల్ నేల మీద పెట్టాం. మల్లయ్య దుకాణంలోని గిటారు ఒకటి మెడలో వేసుకున్నాడు, చెప్పులు విడిచాడు. కాలు ఎత్తి, గాలిలోనే ఆపాడు.

"వాయిద్యాన్ని కాలుతోని తొక్కుడా సేటూ?"

ఇన్నేళ్ల వ్యాపారంలో నేను అమ్మిన పెడళ్లను పేరిస్తే హాలియా దాకా పరచొచ్చు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. హార్మోనియానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనిషి అతను. శేషే తేరుకుని, "తొక్కడానికే పుట్టిందండీ అది. పాపం తగలదు" అన్నాడు. మల్లయ్య వంగి పెడల్‌ను తీసి రెండు కళ్లకూ అద్దుకుని, మళ్లీ కింద పెట్టి, బొటనవేలితో పూలకుండీలో విత్తు నాటినంత మెల్లగా నొక్కాడు. నాలుగైదు తప్పుల తర్వాత తాళం కుదిరింది. తన రిథమ్ మీద తనే లీడ్ వాయించుకుని, పెద్దగా ఏమీ అనకుండా, "నడుస్తది" అన్నాడు.

దానికి తొమ్మిది వోల్టుల అడాప్టరు కూడా ఇప్పించాను, పిన్ను మధ్యలో మైనస్ ఉండేది. ఇంట్లో ఉన్న ఏదో చార్జరు గుచ్చి పెడల్‌ను చంపుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. అన్నీ ఆలోచించాం. ధర, బటన్లు, వైర్లు, అడాప్టరు, పాపం, పుణ్యం. ఒక్కటి మాత్రం నేనూ, మల్లయ్యా, శేషూ ముగ్గురమూ మరిచిపోయాం. మా దుకాణాల్లో ఎవరైనా నిలబడి వాయించి చూస్తారు, లేదా స్టూలు మీద కూర్చుంటారు. మల్లయ్య పుట్టి బుద్ధెరిగాక పాటకు అలా నిలబడింది లేదు, అలా కూర్చుందీ లేదు.

ఆదివారం నేనూ వెళ్లాను. నా చిన్న ఆంప్‌ను కిరాయి లేకుండా ఇస్తానన్నది సాకు. అసలు సంగతి, చూడాలని. యాకోబు ఇంటి ముందు శామియానా వేశారు. దూరాన కొత్తగా కడుతున్న కరెంటు ప్లాంటు గొట్టాలు నిలబడి ఉన్నాయి. ఒక పక్క పెద్ద డేగిశాలో కూర ఉడుకుతోంది. ఆ వాసనకు ఊరి కుక్కలు కూడా ప్రార్థనకు వచ్చినట్టు బుద్ధిగా కూర్చున్నాయి. యాకోబు మంచాన్ని గోడ వారన వేశారు. ఆయన గోడ దిక్కే తిరిగి ఉన్నాడు. తెల్ల చొక్కా వీపు మాత్రం కనబడుతోంది.

మధ్యలో చాపలు. మల్లయ్య పెడల్‌ను కళ్లకద్దుకుని చాప మీద పెట్టాడు. వైర్లు బిగించాను. అతను ఎప్పటిలాగే బాసింపట్టు వేసి కూర్చుని, గిటారును మడిచిన మోకాలి మీద పెట్టుకున్నాడు.

అప్పుడు ఇద్దరం పెడల్ వైపు చూశాం. తర్వాత అతని కాళ్ల వైపు చూశాం. రెండు పాదాలూ తొడల కింద భద్రంగా ముడుచుకుని ఉన్నాయి. వాటికీ పెడల్‌కూ మధ్య దూరం మిర్యాలగూడకూ ముంబైకీ ఉన్నంత ఉంది.

"సేటూ" అన్నాడు మల్లయ్య మెల్లగా, "తొక్కేది ఎట్ల?"

నిలబడదామంటే అతని గిటారుకు మెడలో వేసుకునే పట్టీ లేదు. కుర్చీ తెచ్చారు. కుర్చీలో కూర్చుంటే ముప్ఫై ఏళ్లుగా మడత మోకాలికి అలవాటు పడ్డ గిటారు జారి కిందికి పోతోంది. దాన్ని పట్టుకుంటే వేళ్లు తప్పుతున్నాయి. మళ్లీ చాప మీదికి దిగాడు. ఒక కాలు చాపి చూశాడు. మడమ పెడల్ మీద పడి ఒకేసారి రికార్డూ, తిరగడమూ, ఆగడమూ జరిగిపోయాయి. మోకాలి కింద పెట్టి మోకాలితో నొక్కాడు. ఆ రిథమ్ కుంటుతూ వచ్చింది. జనం చప్పట్లు మొదలుపెట్టి, రెండో చుట్టుకే చేతులు ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సేటూ, నువ్వు నొక్కు. నేను సైగ చేస్త" అన్నాడు.

నా గుట్టు బయటపడే రోజు వచ్చింది. చాప మీద కూర్చుని, ప్రభుత్వ పథకం ప్రారంభించే మంత్రిలా చెయ్యి చాచాను. అతను తల ఊపాడు. నొక్కాననే అనుకున్నాను. లూపు తిరగడం మొదలైంది. ఒక చక్రం ఊడిన బండి రాళ్లబాట మీద పోతున్నట్టుంది. ధడ్, ధడ్, ఖాళీ. ధడ్, ధడ్, ఖాళీ. పాస్టరయ్య కళ్లు మూసుకున్నాడు. ప్రార్థన చేస్తున్నాడో, భరిస్తున్నాడో తెలియలేదు. ఎవరో వెనక నుంచి, "హుజూర్‌నగరాయనకు ఫోన్ చేద్దామా?" అన్నారు. మల్లయ్య మొహం మాడిపోయింది. ఏ మనిషి రాకూడదనుకున్నాడో ఆ మనిషిని నా చెయ్యే పిలుస్తోంది.

మంచం మీంచి ఒక గొంతు వచ్చింది. బొంగురుగా, ముద్దముద్దగా.

"ఎవ...డ్రా... అది నొక్కేది?"

మల్లయ్య పెడల్‌ను నొక్కిపట్టి ఆ లూపును చెరిపేశాడు.

"సేటు, బావా" అన్నాడు మల్లయ్య.

"సేటును... లెవ్వుమను."

నేను లేచాను. నా జీవితంలో అంత సంతోషంగా ఏ పని నుంచీ తొలగింపబడలేదు.

యాకోబు ఇటు తిరిగాడు. కుడి చెయ్యి ఊని పైకి లేవబోయాడు. మల్లయ్య, ఇంకొకాయన పట్టుకుని చాప మీదికి దించారు. మోకాలికి మోకాలు తగిలింది. యాకోబు పెడల్‌ను చూశాడు. "ఏందిది? సబ్బుపెట్టె?" అన్నాడు.

"ఒకసారి నొక్కితే యాదికి పెట్టుకుంటది. మళ్ల నొక్కితే తిరిగి సెప్తది. రెండుసార్లు గబగబ నొక్కితే ఆగుతది" అన్నాడు మల్లయ్య.

యాకోబు కుడి చెయ్యి పెడల్ పక్కన పెట్టాడు. "కొట్టు."

మల్లయ్య రిథమ్ అందుకున్నాడు. యాకోబు నొక్కాడు, మళ్లీ నొక్కాడు. కుంటు లేదు. ఊడిన చక్రం ఎవరో తెచ్చి బిగించినట్టు బండి సాఫుగా నడిచింది. జనం చప్పట్లకు చేతులెత్తారు. యాకోబు మాత్రం మొహం చిట్లించి, గబగబా రెండుసార్లు నొక్కి ఆపేశాడు.

"ఏమైంది బావా?"

"మాలు... పల్సగున్నదిరా మల్లిగా. గీ మాలుతోని గోడ నిలవదు. నీ సెయ్యి లీడుదే. రిథమ్ది కాదు."

"ఇగ ఏం జేద్దాం మరి? నీ ఎడమ సెయ్యి..."

యాకోబు వంగి, మల్లయ్య ఒళ్లోని గిటారు మీదికి తన కుడి చెయ్యి చాచి, తీగల మీద పెట్టాడు. మల్లయ్య తన కుడి చెయ్యి తీసేశాడు. ఎడమ చేత్తో గిటారు మెడ దగ్గర తీగలు నొక్కి పట్టుకున్నాడు.

ఒక గిటారు, ఇద్దరు మనుషులు. నాకు గొంగడి గుర్తొచ్చింది, సైకిల్ గుర్తొచ్చింది, నా దుకాణానికి కొత్తగా కొట్టించిన బోర్డు రంగు వాసన కూడా ముక్కుకు తగిలింది. అప్పుడు నాకు తల నిండా జుట్టు ఉండేది. అది ఎంత ఒత్తంటే దువ్వెన పోతే వారం దాకా దొరికేది కాదు.

మల్లయ్యకు ఇప్పుడొక చెయ్యి ఖాళీ. దాన్ని పెడల్ మీద పెట్టి, పాతది చెరిగేదాకా నొక్కి పట్టాడు. యాకోబు కనుబొమ్మ లేపాడు, మల్లయ్య నొక్కాడు. యాకోబు మీటాడు. మంచంలో అన్నాళ్లు ఉన్నా ఆ చెయ్యి ఏమీ మరిచిపోలేదు. అదే జోరు, అదే మందం. మల్లయ్య ఎడమ చేతి వేళ్లు దాని కింద ఒక్కో పట్టూ మార్చుకుంటూ పోయాయి. కనుబొమ్మ మళ్లీ లేచింది. మల్లయ్య మళ్లీ నొక్కాడు. యాకోబు చెయ్యి తీసేశాడు. రిథమ్ మాత్రం ఆగలేదు.

యాకోబు తన చేతిని చూసుకున్నాడు. తర్వాత ఆంప్‌ను చూశాడు. చెయ్యి ఒళ్లో ఉంది, మీటు అక్కడ వినబడుతోంది. "ఓరి నీ... గది నేనేనా?" అన్నాడు.

"నువ్వే బావా. ఇంకెవడు?" అని మల్లయ్య గిటారును తన వైపు లాక్కుని లీడ్ అందుకున్నాడు.

పాట లేచింది. అది లేచిన లేవడానికి శామియానా నాలుగు గుంజలూ జానెడు పైకి లేచాయని చెప్తే మీరు నమ్మరు. జానెడు కాదులెండి, బెత్తెడు. మా పల్లె పాటల్లో ఒక పద్ధతి ఉంది. చివరికొచ్చేసరికి చప్పట్లు జోరెత్తి పాటను పరుగెత్తిస్తాయి. ఈ సంగతి లూపర్‌కు తెలియదు. అది మొదట నేర్పిన నడకే నడుస్తుంది. నేను భయపడుతూనే ఉన్నాను. ఇంతలో యాకోబు కుడి చెయ్యి పెడల్ మీదికి వచ్చింది. చప్పట్లు పరుగందుకోబోయే ముందు క్షణంలో గబగబా రెండు నొక్కులు. రిథమ్ ఆగింది, చప్పట్లు ఆ చోటును నింపేశాయి, మల్లయ్య వాటి మీదుగా పరుగెత్తి పాటను ముగించాడు. ఆపడానికి సరైన క్షణం ఏదో ఏ పెడల్‌కూ తెలియదు. పక్కన కూర్చున్నవాడికి తెలుస్తుంది.

మరియమ్మ చేతిలో గరిటెతో వచ్చి నిలబడి ఉంది. "నెల సంది మాట్లాడు మాట్లాడు అని కాళ్లు మొక్కిన. నోరు తెరువలే. సేటును తిట్టనీకి మాత్రం నోరు లేసింది సూడు!" అంది. అందరూ నవ్వారు. యాకోబు ఎడమ పక్క పెదవి కదలలేదు, కుడి పక్కది మాత్రం చెవి దాకా పోయింది.

భోజనాల దగ్గర నాకు పెద్ద ముక్కలు వడ్డించారు. చెడగొట్టినందుకు దక్కిన బహుమానం అది.

ఇప్పుడు లూపర్ కావాలని ఎవరొచ్చినా నేను మొదట ధర చెప్పను, ఏ పాటలు వాయిస్తారనీ అడగను. "ఎట్ల కూర్చుంటరు?" అని అడుగుతాను. కొందరు వింతగా చూస్తారు. చూడనీ. తర్వాత, "కొత్తవాళ్లకు ఒక్క బటన్ చాలు, అడాప్టరు సరైనది తీసుకోండి, పాతదైతే స్విచ్ నొక్కి చూడండి" అని చెప్తాను. అది వ్యాపారం. ఇంకో సంగతి వాళ్లకు చెప్పను, చెప్పినా అమ్మకం పెరగదు. మనిషి జాగాలో పెట్టడానికి మిషన్ అడిగిన మల్లయ్యకు ఆ మిషన్ చేసిన మేలల్లా, ఆ మనిషినే మళ్లీ ఆ జాగాకు రప్పించడం. అది కూడా సరిగ్గా పనిచేసి కాదు, నా చేతిలో కుంటి.

మరుసటి ఎండాకాలం ఇద్దరూ తీగలకని దుకాణానికి వచ్చారు. ఆటోలో వచ్చారు. గిటారు మాత్రం గొంగడిలోనే ఉంది. యాకోబు కర్ర ఊతంతో నడుస్తున్నాడు, మాట బాగా తేరుకుంది. ఎడమ చెయ్యి అలాగే ఉంది. పెడల్ సంగతి అడిగితే, ఆ ఆదివారం తర్వాత దాన్ని ఇంతవరకు ఒక్క కాలు కూడా తొక్కలేదని మల్లయ్య గర్వంగా చెప్పాడు. నా లోపలి వ్యాపారి ఊరుకోడు కదా. బీరువాలోంచి కొత్తగా వచ్చినది తీసి చూపించాను.

"ఇది రెండు బటన్లది యాకోబన్నా. నొక్కనీకి ఒకటి, ఆపనీకి ఒకటి. సులువు."

యాకోబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలో పెట్టాడు.

"రెండెందుకు సేటూ? నాకున్నది ఒక్క సెయ్యే" అన్నాడు. తర్వాత తలతో మల్లయ్య వైపు చూపించాడు. "రెండోది గీని దగ్గర ఉంటది."